ఆసుపత్రి రక్త పరీక్షలో ఆల్కహాల్: డ్రంకెన్ డ్రైవింగ్ కేసుల్లో దాని అన్వయం

రోడ్డు ప్రమాదంలో గాయపడిన వాహన చోదకుడికి చికిత్స నిమిత్తం ఆసుపత్రి చేసిన రక్త పరీక్షలో తేలిన ఆల్కహాల్ పరిమాణాన్ని, అతడు మద్యం మత్తులో బండి నడిపాడనడానికి సాక్ష్యంగా ప్రాసిక్యూషన్ చూపే పద్ధతి అమెరికా న్యాయస్థానాల్లో ఉంది. పోలీసుల కోరికపై ఫోరెన్సిక్ ప్రయోగశాల చేసే పరీక్షకూ దీనికీ ఉద్దేశంలోనే కాక, పద్ధతిలోనూ పరీక్షించే ద్రవంలోనూ భేదముంది.

వీటిలో ద్రవ భేదమే ముఖ్యమైనది. అమెరికాలో చట్టం విధించిన హద్దు, యూటా రాష్ట్రంలోని 0.05 మినహా, 100 మిల్లీలీటర్ల రక్తానికి 0.08 గ్రాములు, అంటే 80 మిల్లీగ్రాములు. ఈ లెక్క సాధారణంగా కణాలతో కూడిన పూర్ణరక్తానికి వర్తిస్తుంది. ఆసుపత్రులు పరీక్షించేది ఎక్కువగా సీరం, అంటే రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం, లేదా ప్లాస్మా. ఆల్కహాల్ నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది కనుకా, పూర్ణరక్తంలో కంటే సీరంలో నీటి పాలు ఎక్కువ కనుకా, ఒకే మనిషి రక్తంలో సీరం అంకె పెద్దదిగా వస్తుంది. ఈ నిష్పత్తి సగటున సుమారు 1.14 అయినా మనిషికీ మనిషికీ మారుతుంది. ఇలినాయ్ నిబంధనలు సీరం ఫలితాన్ని 1.18తో భాగించమంటాయి. సీరంలో 90 మిల్లీగ్రాములు చూపిన వ్యక్తికి 1.14తో భాగిస్తే 79 వచ్చి హద్దు దాటనట్టు తేలుతుంది, 1.10తో భాగిస్తే దాదాపు 82 వచ్చి దాటినట్టు తేలుతుంది.

ఫోరెన్సిక్ ప్రయోగశాలలు గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఆల్కహాల్‌ను ఇతర పదార్థాల నుంచి వేరుచేసి కొలుస్తాయి. ఆసుపత్రి యంత్రాలు ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ చర్యలో పుట్టే ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం 340 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూసి పరోక్షంగా లెక్కకడతాయి. తీవ్ర గాయాల వల్ల లాక్టేట్, దాని ఎంజైమ్ బాగా పెరిగితే వాటి చర్యలోనూ అదే పదార్థం పుట్టి ఫలితాన్ని పెంచవచ్చు. అయితే బతికున్న రోగుల్లో ఈ ప్రభావం సాధారణంగా స్వల్పమే కనుక, ప్రతివాదులు దీనిమీదే కేసంతా నిలబెట్టడం నిలవని వాదన. రక్తం తీసిన వేళకూ బండి నడిపిన వేళకూ నడుమ గడిచిన కాలాన్ని లెక్కించి వెనక్కి అంచనా వేసేటప్పుడు, శరీరం గంటకు వదిలించుకునే ఆల్కహాల్ 100 మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 0.010 నుంచి 0.025 గ్రాముల వరకు మారుతుందనీ, చివరగా తాగినది ఇంకా రక్తంలోకి చేరుతూ ఉంటే ఆ లెక్కే తప్పుతుందనీ గుర్తించాలి.

2009లో మెలెండెజ్-డయాజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నేర విచారణ కోసం తయారైన విశ్లేషణ నివేదిక విషయంలో విశ్లేషకుణ్ణి ప్రశ్నించే హక్కు నిందితుడికి ఉందని తీర్పు చెబుతూ, చికిత్స కోసం రాసిన వైద్య నివేదికలు ఆ కోవలోకి రావని వ్యాఖ్యానించింది. న్యాయస్థానం కోసం ఉద్దేశించని పరీక్షే తక్కువ ప్రశ్నలతో న్యాయస్థానంలోకి ప్రవేశించగలగడం ఇందులోని విడ్డూరం.

ఈ ద్రవ భేదం భారత్‌లోనూ ముఖ్యమే. భారత మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. 2019 సవరణ శ్వాస పరీక్షకు తోడు ప్రయోగశాల పరీక్షనూ ఇందులో చేర్చింది. సగటు నిష్పత్తి ప్రకారం సీరంలో 34 మిల్లీగ్రాములు చూపిన నివేదిక ఈ హద్దును దాటినట్టు కాదు.