ఇంకా ఉంది: కాశీమజిలీల నుంచి చందమామ వరకు ముగింపును గూర్చిన ఊహలు

వ్యాససంగ్రహం

ధారావాహికగా వచ్చిన కథను నేటి పరిశోధకుడు ఒక్క కూర్పుగా చదువుతున్నాడు. నాటి పాఠకుడు విడివిడి భాగాలుగా, మధ్యలో నిరీక్షిస్తూ చదివాడు. ఆ నిరీక్షణలో అతడు చేసిన ఊహలకు లిఖితసాక్ష్యం స్వల్పం. కాని ఆ ఊహకు కథకులు విడిచిపెట్టిన చోటు కథానిర్మాణంలోనే కనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో పుట్టిన కాశీమజిలీ కథలను, చందమామలోని దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలను, బేతాళ కథలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధారావాహిక, కాశీమజిలీ కథలు, చందమామ, బేతాళ కథలు, పాఠకుడు, రాజమహేంద్రవరం

ప్రవేశిక

కథ కంచికి, మనం ఇంటికి. తెలుగునాట కథ చెప్పే పెద్దలు ఈ మాట అన్నాక పిల్లలు ఇక ‘తర్వాత?’ అని అడగకూడదు. మౌఖికకథకు ముగింపు వినేవారందరికీ తెలిసిన మర్యాద. ఊఁ కొడుతున్నంతసేపు కథ నడుస్తుంది, ఊఁ ఆగితే కథకుడు ఆగుతాడు, లేదా కథను కంచికి పంపేస్తాడు. అచ్చుయంత్రం వచ్చాక ఈ మర్యాద చెదిరింది. సంపుటాలుగా, మాసపత్రికలో భాగాలుగా వెలువడిన కథ వినేవాడి నిద్రను బట్టి కాక కాగితం కొలతను బట్టి ఆగడం మొదలుపెట్టింది. ఆగిన చోట ఊఁ కొట్టేవాడికి వేరే పని పడింది. మిగిలిన కథను తానే అల్లుకోవాలి.

మన సాహిత్యచరిత్రలు రచయితను, రచనాకాలాన్ని, మూలాన్ని పట్టించుకున్నంతగా ఈ పనిని పట్టించుకోలేదు. ఫలితంగా ఒక తప్పుడు తూకం స్థిరపడింది. జానపద ధారావాహికలలో సంఘటనలు పునరావృతమవుతాయని, కథకు కేంద్రం ఉండదని, ముగింపులు చప్పగా ఉంటాయని తరచు వినిపించే విమర్శ అన్ని భాగాలనూ ఒక్క బిగిన చదివినవారి విమర్శ. నెలకొక భాగం చదివినవారికి ఆ రచన అలా ఉండే అవకాశం లేదు.

గొల్లవాని షరతు

మధిర సుబ్బన్న దీక్షితులు రాజమహేంద్రవర కవి. ఆయన కాశీమజిలీ కథలు 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయలుదేరాడు. తోడుగా వచ్చే గొల్లపిల్లవాడు ఒక షరతు పెట్టాడు: మజిలీ చేసిన ప్రతిచోటా తాను చూసిన వింతను గురించి అడుగుతాడు, దానికి కథ చెప్పాలి, చెప్పకపోతే వెనుదిరిగిపోతాడు. యతి వద్ద ఉన్న మణి ప్రభావంతో ఏ వింత వెనుక ఏ కథ ఉందో ఆయనకు తెలుస్తుంది.

ఈ చట్రంలో గమ్యం రహస్యం కాదు, అది గ్రంథనామంలోనే ఉంది. ‘వీరు కాశీ చేరతారా?’ అన్న ప్రశ్నతో పాఠకుడు పుట తిప్పడు. అతణ్ణి నడిపించేది గొల్లవాని బెదిరింపు. కథ చెప్పడం ఆగితే యాత్ర ఆగుతుంది. అంటే ఇక్కడ కథాంతం ఒక ప్రమాదం. దాన్ని తప్పించడానికే యతి కథ మీద కథ చెబుతున్నాడు. పైగా ఒక మజిలీలో మొదలైన కథ ఆ మజిలీలోనే పూర్తి కావాలన్న నియమం లేదు. పొద్దుపోయిందనో, ప్రయాణవేళ అయిందనో యతి కథను నడుమ ఆపి మిగిలినది పై మజిలీకి వాయిదా వేస్తాడు. గొల్లవాడు ఆ కథనే తలపోస్తూ దారి నడుస్తాడు. తరువాతి కాలపు పత్రికలు కథ చివర అచ్చువేసిన ‘ఇంకా ఉంది’ అన్న మాట చేసే పని ఇదే.

ఈ గ్రంథం వెలువడిన కాలం గమనార్హం. ఏనుగుల వీరాస్వామి 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు చేసిన యాత్రను మజిలీ మజిలీకీ దినచర్యగా రాశాడు. అది నిజమైన మజిలీల కాలం. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెతకు అప్పటికి అర్థముంది. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై రైలువంతెన మీదుగా రాకపోకలు మొదలయ్యాక కాశీయాత్ర నెలల నుంచి రోజులకు కుదించుకుపోయింది. నడక పోయింది, మజిలీ పోయింది, మజిలీలో కథ చెప్పుకునే తీరిక పోయింది. ఆ మార్పు జరుగుతున్న ఊళ్ళోనే, నడకయాత్రను చట్రంగా చేసుకున్న 12 భాగాల కథాసంపుటి ఆదరణ పొందింది. రైలు ఎక్కినవారు కోల్పోయిన ఆలస్యాన్ని ఈ పుస్తకం తిరిగి ఇచ్చిందని నా అభిప్రాయం.

కాశీమజిలీలు పిల్లల కోసం రాసినవి కావు. భాష గ్రాంథికం, వర్ణనలలో శృంగారం పాలు తక్కువేమీ కాదు. పెద్దలు చదివి, తమ మాటల్లో చెప్పి వినిపించగా పిల్లలకు చేరాయి. చెప్పేవారు ఏది విడిచారో, ఎక్కడ ఆపారో పుస్తకం చెప్పదు. పిల్లలు విన్న కాశీమజిలీలు అచ్చయిన కాశీమజిలీలు కావన్నది మాత్రం నిశ్చయం.

నెల రోజుల ఎడం

రాజమహేంద్రవరం నుంచి మద్రాసుకు ఈ కథాసంప్రదాయం చేరిన దారుల్లో ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. 1951లో విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ కథకు ఆధారం కాశీమజిలీలలోని కథ. ఆ చిత్రాన్ని నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి ద్వయమే 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో చందమామను ప్రారంభించింది. మాంత్రికుడు, సాహసి అయిన యువకుడు, అతని తోడు, అడుగడుగునా ఒక గండం. ఈ సామగ్రి వెండితెర మీద జనం మెప్పు పొందిన మూడేళ్ళకు, 1954లో, దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ చందమామలో ధారావాహికగా మొదలైంది. ఆపై ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూకమాంత్రికుడు’ వచ్చాయి. వీటికి చిత్ర గీసిన బొమ్మలు పాఠకుల స్మృతిలో కథలతో విడదీయరానివయ్యాయి. రచయిత పేరు మాత్రం పత్రికలో కనిపించేది కాదు. తాము చదివినవి ఎవరివో చాలామందికి పెద్దయ్యాక గాని తెలియలేదు.

రచయిత పేరు లేకపోవడం ఊహ దిశను మార్చిందని అనుకోవడానికి ఆధారం ఉంది. పోలికకు ఇటీవలి ఉదాహరణ ఒకటి చూడవచ్చు. హ్యారీ పాటర్ ఆరో నవల 2005 జులైలో, చివరిదైన ఏడో నవల 2007 జులైలో వెలువడ్డాయి. నడుమ రెండేళ్ళు ప్రపంచమంతటా పాఠకులు స్నేప్ మంచివాడా చెడ్డవాడా, ఎవరు మరణిస్తారు అని తర్కించారు. ఆ తర్కం చాలావరకు రచయిత్రి మనసును చదివే ప్రయత్నం: ఆమె ఎక్కడ సూచన వదిలింది, ఏ ముఖాముఖిలో ఏమన్నది. చందమామ బాలపాఠకుడికి అటువంటి రచయిత లేడు. అతని ముందున్నది కథ ఒక్కటే.

కథలోనూ అంతిమఫలం గురించి సందేహం లేదు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి గెలుస్తారు, ‘మాయాసరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు గెలుస్తారు. నాయకుడు ఓడిపోయే జానపదకథ ఏ పిల్లవాడూ వినలేదు. కనుక ఊహ ముగింపు మీద కాక ఉపాయం మీద నిలుస్తుంది. ఈ గండం నుంచి ఎలా బయటపడతారు? ఇప్పుడు ఎదురైనవాడు శత్రువా, రాబోయే నెలకు మిత్రుడవుతాడా? దాసరి నిర్మాణం ఈ రెండు ప్రశ్నలకే తగినట్టుగా ఉంటుంది. భాగం గండంలో ముగుస్తుంది, తరువాతి భాగం తప్పించుకోవడంతో మొదలై కొత్త గండంలోకి నడుస్తుంది. ఒక్క పుస్తకంగా చదివితే ఇది ఒకే అల మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు ఉంటుంది. నెలకొకటిగా చదివితే ప్రతి అలకూ ముందు 30 రోజుల ఎదురుచూపు ఉంది. పునరావృతి దోషమని తీర్పు చెప్పేవారు ఆ 30 రోజులను లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతి భాగం తలపై బ్రాకెట్లలో అచ్చయ్యే జరిగిన కథాసంగ్రహం ఈ విషయంలో నమ్మదగిన సాక్షి. కిందటి నెల సంచిక దొరకనివాడు ఉంటాడని, దొరికినా మరచినవాడు ఉంటాడని సంపాదకులు ఎరుగుదురు. సంగ్రహంలో ఏది చెప్పారు, ఏది విడిచారు అన్నది చూస్తే పాఠకుడు ఏ ముడిని గుర్తుంచుకుని ఊహించాలని వారు ఆశించారో తెలుస్తుంది. ఈ సంగ్రహాలను వరుసగా పెట్టి చదివిన అధ్యయనం జరగవలసి ఉంది. పుస్తకాలుగా పునర్ముద్రించేటప్పుడు సహజంగానే ముందు తొలగిపోయేవి ఇవే.

డెల్టా పల్లెల నుంచి పట్నాల దాకా ఇళ్ళలో మరొక అలవాటు ఉండేది: పాత సంచికల నుంచి ధారావాహిక పుటలను విప్పి, ఒక్కటిగా కుట్టి బైండు చేయించుకోవడం. పాఠకుడు తానే ప్రచురణకర్తగా మారిన సందర్భమిది. ఎదురుచూసినవాడే ఎదురుచూపును కత్తిరించి పారేసి, తమ్ముళ్ళకూ పిల్లలకూ ఎడం లేని కథను అందించాడు. ఒకే కథను అన్న ఏడాదికి పైగా చదివితే, తమ్ముడు ఒక మధ్యాహ్నంలో ముగించాడు. వీరిద్దరూ ఒకే రచనను చదివారని చెప్పడం కష్టం.

రాజు మౌనం

బేతాళ కథల సంగతి వేరు. ఇక్కడ ముగింపు వెయ్యేళ్ళుగా రాసి ఉంది. 11వ శతాబ్దిలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన బేతాళ పంచవింశతిలో రాజు 23 ప్రశ్నలకు జవాబులిచ్చి, ప్రతిసారీ మౌనం చెడి, శవాన్ని పోగొట్టుకుంటాడు. తండ్రి కూతుర్నీ, కొడుకు తల్లినీ వివాహమాడితే వారి సంతానానికి పరస్పరం వరుస ఏమవుతుందన్న చివరి ప్రశ్నకు రాజు వద్ద సమాధానం లేదు. మౌనంగా నడుస్తాడు. బేతాళుడు సంతోషించి భిక్షువు పన్నిన కుట్రను బయటపెడతాడు. రాజు భిక్షువును వధిస్తాడు. కథ ముగుస్తుంది.

చందమామ ఈ చట్రాన్ని తీసుకుని, ముగింపును పక్కన పెట్టింది. 1952 నుంచి 1980లో మరణించేవరకు పత్రిక సంపాదకత్వపు బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావు హయాంలో స్థిరపడిన పద్ధతి ప్రకారం, పంచవింశతితో సంబంధం లేని కొత్త కథలను, బయటి రచయితలు పంపినవాటిని సైతం, బేతాళుడి నోట పెట్టారు. శంకర్ గీసిన రాజు, భుజాన శవంతో, చేత కత్తితో, దశాబ్దాలపాటు ప్రతినెలా అదే శ్మశానం వైపు నడిచాడు. రాజు జవాబు చెప్పగలిగినంతకాలం కథలు ఆగవు. అతని వివేకమే అతని యాతన పొడిగిస్తున్నది.

ఇందులో పాఠకుడి ఊహకు కేటాయించిన చోటు అతి కచ్చితమైనది. బేతాళుడి ప్రశ్నకూ రాజు జవాబుకూ నడుమ ఉన్న ఖాళీ అది. దాసరి పాఠకుడు నెలంతా ఊహిస్తే, బేతాళ పాఠకుడు పుట మీద వేలు పెట్టి ఒక నిమిషం ఆలోచిస్తాడు. అతడు ఊహించేది రాబోయే సంఘటనను కాదు. ఎవరిది త్యాగం, ఎవరిది తప్పు, ఎందుకలా ప్రవర్తించారు అన్నది, అంటే ఒక తీర్పును. రాజు తీర్పు తన తీర్పుతో కలవకపోతే చిన్న పాఠకుడు రాజుతో వాదానికి దిగవచ్చు. పిల్లలకు ధర్మసందేహాన్ని ఇంత సులువుగా అప్పగించిన మరొక రూపం ఆధునిక తెలుగు బాలసాహిత్యంలో నాకు కనిపించలేదు. నీతిని చివర్లో చెప్పే కథలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. బేతాళ కథలో నీతి పాఠకుడి జవాబు తర్వాత వస్తుంది.

చందమామ ప్రచురణ 2013 నాటికి ఆగిపోయింది. బేతాళ కథలు అలా ఆగాయి గాని ముగియలేదు. రాజు మౌనం వల్ల కాక పత్రిక మౌనం వల్ల ఆగాయి. కథ ఎలా ముగుస్తుందన్న ప్రశ్న స్థానంలో కథకుడు ఎందుకు ఆగాడన్న ప్రశ్న వచ్చి నిలిచింది. గోదావరి తీరానికి ఈ రెండో ప్రశ్న కొత్తది కాదు. రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగాడు. భారతకథ ఎలా ముగుస్తుందో తెలియనివారు లేరు. నన్నయ ఎందుకు ఆగాడన్నదే తరతరాల ఊహ అయింది. 13వ శతాబ్దిలో తిక్కన ఆ శేషాన్ని ముట్టక విరాటపర్వంతో ప్రారంభించడంతో, అరణ్యపర్వాన్ని చేపట్టినవారికి కీడు తప్పదన్న నమ్మకం కథగా ప్రచారమైంది. 14వ శతాబ్దిలో ఎర్రన శేషభాగాన్ని తన పేర కాక నన్నయ రచించినట్టుగానే, రాజరాజుకే అంకితంగా పూరించాడు.

గ్రంథాలయాల్లో దొరికే చందమామ సంపుటాలలో తరచు అట్టలు, ప్రకటనలు ఊడిపోయి, సంచికకూ సంచికకూ నడుమ హద్దు మాసిపోయి ఉంటుంది. ఎక్కడ నెల ముగిసిందో తెలియాలంటే బ్రాకెట్లలోని సంగ్రహాల కోసం వెతకాలి. బైండు కాని విడి సంచికలు ఇంకా ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. ధారావాహికలపై పనిచేసే పరిశోధకులు ముందుగా వెళ్ళవలసింది అక్కడికే.