లక్క: సందు పూడ్చిన మాట

కత్తి పిడి వదులైతే మన పెద్దలు కొత్త కత్తి కొనేవారు కాదు. పిడి బెజ్జంలో లక్క పొడి పోసి, కత్తి తోకను కాల్చి అందులోకి దింపేవారు. లక్క కరిగి సందంతా నిండేది. చల్లారాక పిడి కదిలేది కాదు. కంసాలి బోలు నగల లోపల నింపేది లక్కే. పూర్వం ఉత్తరాలు విప్పకుండా ముద్ర వేసిందీ లక్కతోనే. పిల్లలాడుకునే లక్కపిడతల నునుపూ దానిదే.

ఇది చెట్టు బంక అని చాలామంది అనుకుంటారు. కాదు. మోదుగ, రేగు, రావి వంటి చెట్ల లేత కొమ్మల మీద చేరిన చిన్న పురుగులు రసం పీల్చి, తమ చుట్టూ కట్టుకునే గూడు ఇది. ఆ కొమ్మలు కోసి, లక్క గీకి, దంచి, కడుగుతారు. కడిగిన నీటిలో ఎర్రరంగు దిగుతుంది. మిగిలినదాన్ని కరిగించి వడగడితే లక్క. ఈ సేకరణ తరతరాలుగా అడవి బిడ్డల పని. ఈనాటికీ జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కుటుంబాలకు ఇదొక ఆదాయం. లక్క మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లో ఒక సంస్థే వెలిసింది.

ఇక మాట సంగతి. సంస్కృతంలో లాక్ష, ప్రాకృతంలో లక్ఖ, తెలుగులో లక్క. లక్షల పురుగులు చేస్తాయి కాబట్టి లక్క అయిందని కొందరు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, సంఖ్య 'లక్ష', ఇది 'లాక్ష'. దీర్ఘం చూడండి. అథర్వవేదం ఐదో కాండలో లాక్షను గాయాలు మాన్పే మందుగా పిలిచారు. అంటే చీలిన ఒంటిని కూడా కలిపేదని నమ్మారన్నమాట. ఇదే మాట సముద్రం దాటి ఇంగ్లీషులో 'లాక్' అయింది, 'షెల్లాక్' అయింది. ఒకప్పటి గ్రామఫోన్ రికార్డులు ఆ షెల్లాక్‌తో చేసినవే.

లక్క అనగానే అందరికీ భారతంలోని లక్క ఇల్లు గుర్తొస్తుంది. పాండవులు సొరంగంలో తప్పించుకున్నారని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఆ రాత్రి ఆ ఇంట్లో కాలిపోయినవాళ్ల గురించి ఎంతమందికి తెలుసు? ఆదిపర్వంలోనే ఉంది: విందుకు వచ్చి నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు. ఆ ఆరు శవాలను చూసే కుంతి, పాండవులు పోయారని లోకం నమ్మింది. కథలో ఉన్న పెద్ద సందును అడవి మనుషుల ప్రాణాలతో పూడ్చారు. వాళ్లకు పేర్లు కూడా పెట్టలేదు.

లక్క కథ అంతా ఇలాగే నడిచింది. నగ మీద కంసాలి పేరు, ఉత్తరం మీద రాజు ముద్ర, రికార్డు మీద గాయకుడి పేరు. కొమ్మ గీకిన చేతి పేరు మాత్రం ఎక్కడా లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సందు పూడ్చవలసింది మనమే. మీ అవ్వనూ తాతనూ అడగండి: లక్కను మన ఇంటి భాషలో ఏమంటారు? ఏ చెట్టు మీద దొరికేది? ఏ నెలలో గీకేవారు? ఎవరికి అమ్మేవారు? చెప్పినది చెప్పినట్టు రాసి, చెప్పినవారి పేరు కింద తప్పక రాయండి.