పంటి మీద మచ్చ, మందు మీద భయం

ఈ రోజు కథ ఒక మందుల కుటుంబానిది. అవి పిల్లల ప్రాణాలు కాపాడాయి, వాళ్ల పళ్ల మీద మచ్చ కూడా వదిలాయి. ఆ మచ్చ వల్ల పుట్టిన భయం మాత్రం దశాబ్దాలు నడిచింది.

అమెరికాలో లెడర్లీ ల్యాబ్. పరిశోధన డైరెక్టర్ ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త, మిజోరి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఇదే. 1948 జులైలో ప్రకటించారు, ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

ఈ మందులు ఎక్కువగా వాడాల్సి వచ్చినవాళ్లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలు ఉన్నారు. ఆ జబ్బులో ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకుపోయి ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. అప్పట్లో చాలామంది పెద్దవాళ్లయ్యేదాకా బతికేవాళ్లే కాదు. అందుకే నెలల తరబడి మందు ఇచ్చారు. 1956లో హ్యారీ ష్వాక్‌మన్, షుస్టర్ ఈ పిల్లల పళ్లు రంగు మారుతున్నాయని రాశారు.

ఎందుకంటే టెట్రాసైక్లిన్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. చిగురు లోపల తయారవుతున్న పన్నులోకి కాల్షియంతో పాటు మందు కూడా చేరిపోతుంది. మొదట పసుపు, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగు. కొందరికి ఎనామెల్ కూడా సరిగ్గా ఏర్పడదు. చర్మం మీద గాయం మానుతుంది కదా, ఎనామెల్ అలా కాదు. పన్ను బయటికొచ్చేసరికి దాన్ని తయారుచేసే కణాలే ఉండవు. నా పాత ఉద్యోగం భాషలో చెప్తే, పన్ను ఒక లాగ్ ఫైల్. ఎడిట్ ఆప్షన్ లేదు.

1970లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టించింది, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు జాగ్రత్త అని. మంచి నిర్ణయమే. కానీ కుటుంబం మొత్తానికి ఒకటే లేబుల్. 1967లో వచ్చిన డాక్సీసైక్లిన్ కాల్షియాన్ని తక్కువగా పట్టుకుంటుంది, అయినా దానికీ అదే ముద్ర పడింది.

ఇక్కడే ప్రమాదం. పిడుదు పురుగు కాటుతో వచ్చే రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్‌కి డాక్సీసైక్లిన్ అసలు మందు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. కానీ లేబుల్ చూసి చిన్న పిల్లలకు ఇవ్వడానికి కొందరు డాక్టర్లు వెనకాడారు. చివరికి 2015లో సీడీసీ వాళ్లు, ఎనిమిదేళ్ల లోపు ఈ మందు వాడిన 58 మంది పిల్లల పళ్లు పరీక్షించి రిపోర్ట్ ఇచ్చారు. ఒక్కరికీ ఆ మచ్చ లేదు! 2018లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, 21 రోజుల వరకు ఏ వయసులోనైనా ఇవ్వొచ్చని మార్గదర్శకం మార్చింది.

మనకేంటి అంటారా? నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ మన దగ్గరా ఉంది. దానికీ ఇదే మందు. సొంతంగా మాత్రం కొనకండి. డాక్టర్ రాస్తే "ఏ మందు, ఎన్ని రోజులు" అని అడగండి. పాత భయంతో మాత్రం ఆపేయకండి.

ఆ హెచ్చరిక మనకు దొరికింది జబ్బుతో పోరాడిన ఆ పిల్లల పళ్ల వల్లే. దాన్ని సరిగ్గా చదవడానికే మనకు ఇన్నేళ్లు పట్టింది.