జీతము రాని పటాలము



బొబ్బిలి కోట కథ వినని ఇల్లు మన ఉత్తరాంధ్రములో లేదు. 1757 జనవరిలో ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు ఆ కోటను కూల్చుట, లోపలి స్త్రీలును పిల్లలును మంటలపాలగుట, తాండ్ర పాపారాయుడు విజయనగరపు విజయరామరాజును ఆయన గుడారములోనే పొడిచి చంపుట, ఇవన్నియు కథకుల నోట విని మనము పెరిగితిమి. అయితే ఆ మరుసటి ఏడు విశాఖపట్టణము రేవులో దిగిన ఒక తెల్ల పటాలము కథను వారు పాడగా మనము వినలేదు. అందులో శౌర్యము లేక కాదు. ఆ కథలో కత్తి కంటె కూడు ఎక్కువ. పోరాటము కంటె నడక ఎక్కువ. అన్నిటికంటె ఎక్కువ, రాని జీతము. కూలి డబ్బుకై కామందు గుమ్మము చుట్టు పది దినములు తిరిగి యెరిగినవారు మీలో ఉన్నారు గదా! వారికి ఈ కథ త్వరగా అర్థమగును.

సంగతి యేమనగా, విజయరామరాజు చనిపోయిన తరువాత ఆనందరాజు గద్దె నెక్కెను. ఆయనకును ఫ్రెంచివారికిని పొసగలేదు. 1758లో బుస్సీని దక్షిణమునకు పిలిపించుకొనగానే ఆనందరాజు విశాఖపట్టణములోని ఫ్రెంచివారిని వెళ్లగొట్టి, తనకు సాయము పంపుడని ఇంగ్లీషు కంపెనీకి కబురు పెట్టెను. కలకత్తాలోనున్న క్లైవు కర్నల్ ఫోర్డు అను సేనాపతిని ఓడలమీద పంపెను. అక్టోబరు 20వ తేదీన ఆయన విశాఖపట్టణములో దిగెను. ఆయన వెంట సుమారు 500 మంది తెల్ల సోల్జర్లు, 2000 మంది సిపాయీలు, 100 మంది లస్కర్లు, ఆరు ఇత్తడి ఫిరంగులు ఉండెను.

పటాలము అను మన మాట బెటాలియను అను దాని నుండియే పుట్టినది. ఈ పటాలము బంగాళములో క్లైవు కూర్చినది. అంతకు ముందటి సంవత్సరమే ప్లాసీలో పోరాడి వచ్చినది. ఇందులోనివారు దొరబిడ్డలని తలంచకుడి. కంపెనీ సోల్జర్లుగా చేరినవారిలో పెక్కుమంది తమ దేశములో పని దొరకని బీదలు. ఇంగ్లీషువారితోపాటు జర్మనులు, స్విస్సువారు, ఎదుటి పక్షము విడిచి వచ్చిన ఫ్రెంచివారు కూడ అట్టి దండులలో ఉండెడివారు. కడుపు కొరకు సముద్రము దాటిన కూలివారే వీరు, చేతిలో తుపాకి యున్న కూలివారు.

సిపాయీల విషయమై మనవారు తెలిసికొనదగిన ముచ్చట ఒకటి కలదు. బంగాళములోను, దానికి పడమటి దేశములలోను సిపాయిని చాలకాలము 'తిలంగా' అని పిలిచిరి. ఏలయనగా అక్కడి జనులు మొట్టమొదట చూచిన కంపెనీ సిపాయీలు మద్రాసునుండి క్లైవు వెంట ఓడలలో పోయినవారు. తెలుగుదేశపువారని వారికి ఆ పేరు వచ్చెను. తరువాత బీహారువాడు చేరినను, అవధువాడు చేరినను వాడును తిలంగాయే. ఆ విధముగా మన జాతి పేరు పరదేశములో ఒక కొలువు పేరైపోయెను.

ఇట్టి దండులో ఒక దినము ఎట్లు గడచెడిదో చూడుడి. ఎండకు జడిసి కోడికూతకు ముందే డోలు మ్రోగించి లేపుదురు. చీకటిలోనే గుడారములు చుట్టి ఎద్దులమీద వేయుదురు. తెల్లవాని ఒంటిమీద ఎర్రని ఉన్ని కోటు. మన విశాఖ తీరపు ఉక్కలో ఆ కోటు ఎట్లుండునో నేను చెప్పనక్కరలేదు. భుజముమీద సుమారు అయిదు సేర్ల బరువు తుపాకి. నడుమున తోలుసంచిలో కాగితపు తూటాలు. ఒక్కొక్కటి పంటితో కొరికి, మందు గొట్టములో పోసి, గుండు దిగగొట్టవలెను. తుపాకి చెకుముకి రాతితో పేలును గనుక వాన పడినయెడల అది ఉత్త దుడ్డుకఱ్ఱ. లస్కర్లు ఫిరంగులతో నడచెదరు. ఎద్దులవారు, వంటవారు, చాకళ్లు, బేరగాండ్రు, స్త్రీలు, పిల్లలు, వీరందరు వెనుక వచ్చుదురు. కూడలిలో నిలిచి చూచువానికి దండు పోయినట్లుండదు, ఊరు ఊరంతయు లేచిపోయినట్లుండును.

పొద్దెక్కిన తరువాత ఎక్కడ నీరున్న అక్కడ దిగుట. సిపాయీలు తమ తమ కులముల చొప్పున వేరువేరు పొయ్యిలు పెట్టుకొందురు. బియ్యము దండు వెంట నడచు బజారులోనే కొనవలెను. కనుక జీతము రాని దినమున పొయ్యి వెలుగదు. తెల్లవానికి మాంసము, రొట్టె, దానితోపాటు సారాయి కొలత. ఈ సారాయి అప్పటి దండులలో జీతమువలె లెక్కగా పంచెడివారు. గుండు దెబ్బలకంటె జ్వరము, విరేచనములు, సారాయి ఎక్కువమందిని మట్టి చేసినవి. మన పల్లెలలో సారాయి చేసిన కీడు కన్నులార చూచిన నాకు ఇది చదివినప్పుడు ఆశ్చర్యము కలుగలేదు.

నవంబరు మొదట ఫోర్డు కశింకోట యొద్ద రాజుగారిని కలిసికొనెను. దండు ఖర్చునకు రాజుగారు నెలకు 50,000 రూపాయలు ఇచ్చునట్లు ఒడంబడిక జరిగెను. ఈ సొమ్ము ఎక్కడిదో ఆలోచించుడి. శ్రీకాకుళము సర్కారు శిస్తు ఆ కాలమున విజయనగరము రాజుల చేతిలో నుండెను. నాగావళి, వంశధార గట్టున నాగలి పట్టినవాని కల్లములోని ధాన్యమే రూపాయలుగా మారి కశింకోట చేరవలెను. కోటబొమ్మాళి ప్రాంతపు రైతు ఫోర్డు ముఖము చూడలేదు. అయినను ఆ తెల్లవాని ఎర్ర కోటు ఖర్చులో వానికిని పాలున్నది.

డిసెంబరులో పిఠాపురమునకు దగ్గరనున్న చందుర్తి యొద్ద ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్సు ఎదురుపడెను. ఈ యుద్ధములో గెలుపు ఒక పంట చేను వలన కలిగెను. తెల్ల పటాలము నిలిచిన చోట మనిషి నిలువు దాటి ఎదిగిన పైరు ఉండెను. అది వారిని శత్రువునకు కనబడకుండ కప్పెను. బంగాళపు సిపాయీలును ఎర్ర కోట్లే తొడిగిరి. దక్షిణాదిని ఫ్రెంచివారు చూచిన సిపాయీలకు అట్టి కోట్లు లేవు. ఫోర్డు సిపాయీల జెండాలను చుట్టి నేలమీద పెట్టించెను. ఎర్ర కోట్లు చూచి వీరే తెల్లవారని ఫ్రెంచి పటాలము సిపాయీల మీద పడెను. సిపాయీలు వెనుకకు తగ్గిరి. అప్పుడు చేను చాటునుండి అసలు తెల్లవారు లేచి ప్రక్కనుండి కాల్చిరి. ఫ్రెంచివారి వరుసలు చెదరెను. కాన్‌ఫ్లాన్సు గుఱ్ఱములు మార్చి మార్చి పరుగెత్తి ఆ రాత్రికే రాజమహేంద్రవరము చేరెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ చేను ఎవరిదో, ఆ సంవత్సరము వాని గింజలు ఏమాయెనో వారు వ్రాయలేదు.

గెలిచిన దండు వెంటనే మచిలీపట్టణము మీదికి పోవలసినది. పోలేదు. రాజుగారు డబ్బు ఇయ్యలేదు. నేడు రేపని జరిపిరి. వారాలు గడచెను. రాజుగారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆయన సేనకును బత్తెము కావలెను, శిస్తు పిండిన కొలది రైతు అడవి పట్టును. చివరకు లెక్కలు మరల వ్రాసికొని, జనవరి ఆఖరున కదలి, 1759 ఫిబ్రవరిలో ఏలూరు, మార్చి 6న మచిలీపట్టణము చేరిరి.

అక్కడ కోట చుట్టు ఉప్పు బురద. ఎదుట గట్టి గోడలు. లోపలి ఫ్రెంచి తెల్లవారు బయటి తెల్లవారికంటె ఎక్కువ. వెనుకనుండి మరియొక ఫ్రెంచి దళము వచ్చి రాజమహేంద్రవరమును తిరిగి పట్టుకొని, విశాఖపట్టణము దారి మూసివేసెను. బంగాళమునుండి వచ్చిన సొమ్ము దండు చేరు త్రోవ లేకపోయెను. నైజాము సలాబతు జంగు పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చెను. ఫోర్డు తన సొంత డబ్బు వాడెను, అధికారుల యొద్ద అప్పు చేసెను, సోల్జర్లకు పంచవలసిన కొల్లసొమ్మును కూడ దండు తిండికి ఖర్చు పెట్టెను.

మార్చి నెల నడిమి దాటిన తరువాత ఒక దినమున తెల్ల సోల్జర్లందరు తుపాకులతో బయటికి వచ్చి నిలిచిరి. మా సొమ్ము మాకిమ్ము, లేనియెడల వెళ్లిపోదుము అనిరి. ఆ కాలపు దండులో ఇట్టి పనికి మరణశిక్ష. అయితే అందరును కలిసి నిలిచిరి, ఎవరిని కాల్చును? ఫోర్డు కోపగించుకొనలేదు. మీలో కొందరిని మాటలాడుటకు పంపుడని కోరెను. వచ్చినవారు రెండు సంగతులడిగిరి: రావలసిన కొల్లసొమ్ము వెంటనే యియ్యవలెను; మచిలీపట్టణము చిక్కినయెడల అందలి కొల్ల యావత్తు తమదే కావలెను, కంపెనీకి సగము పోరాదు. మొదటిదానికి, డబ్బు చేతికి రాగానే మీకే యని మాట ఇచ్చెను. రెండవది తన చేతిలో లేదని చెప్పి, మీ పక్షమున కంపెనీని అడిగెదననెను. వారు తిరిగి పనిలోనికి పోయిరి. యొర్దాను నది యొద్ద యోహానును సైనికులడిగిన ప్రశ్న, జీతమును గూర్చి ఆయన చెప్పిన జవాబు మీకు జ్ఞాపకము రావచ్చును. అయితే ఆ జవాబు జీతము ముట్టువానికి చెప్పినది. ముట్టనివాని మొఱ వేరు. దానిని యాకోబు పత్రికలో చూడుడి.

ఏప్రిల్ 7న మందు గుండు ఇంక రెండు దినములకే యున్నదని లెక్క తేలెను. ఆ దినములలో గాలివాన పడి బురద మరింత లోతాయెను. ఆ రాత్రి కోట ఎక్కవలెనని ఫోర్డు ఆజ్ఞాపించెను. మిగిలిన తెల్లవారు 346 మంది. సిపాయీలు 1400 మంది. మోకాలు దాటిన బురదలో, కోట గోడలనుండి గుండ్లు పడుచుండగా నడచిరి. యార్కు అను కాప్టెను ముందు నడువగా ఆయన ప్రక్కన ఇద్దరు నల్ల కుఱ్ఱవాండ్రు డోళ్లు వాయించుచు పోయిరి. కాప్టెనుకు రెండు తొడలలోను గుండ్లు తగిలి పడిపోయెను. ఆ డోలు పిల్లలిద్దరు అక్కడనే చచ్చిరి. కాప్టెను పేరు గ్రంథములకెక్కినది. పిల్లల పేర్లు ఎక్కలేదు. తెల్లవారునప్పటికి కోట చిక్కెను. పట్టినవారికంటె పట్టుబడినవారే ఎక్కువ.

మే 14న సలాబతు జంగు మచిలీపట్టణమును, దాని చుట్టునున్న సీమలను కంపెనీకి వ్రాసియిచ్చెను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నైజాముతో ఒడంబడిక, వీటివలన సర్కారులు కంపెనీ పరమాయెను.

ఇక్కడ ఒక మాట. మన సంఘములను చూచి, మీ మతము తెల్లవాని పటాలము వెంట వచ్చినది గదా అనువారు కలరు. తేదీలు చూడుడి. పటాలము దిగినది 1758లో. క్రాను, డిగ్రాంజెస్ అను లండను మిషను బోధకులు విశాఖపట్టణము చేరినది 1805లో. నడుమ నలువది యేడేండ్లు. అప్పటికిని కంపెనీవారు మిషనరీలను వ్యాపారమునకు అడ్డమని తలంచి తమ రాజ్యములో రానియ్యక ఆపుచుండిరి. 1813లో చార్టరు మారిన తరువాతనే ఆ తలుపు తెరవబడెను. ఫోర్డు పటాలము మనకు సువార్త తేలేదు. తెచ్చెనని మనమును చెప్పరాదు, పరులు చెప్పినయెడల ఊరకుండరాదు.

పటాలము తరువాత బంగాళమునకు మరలిపోయెను. ఫోర్డు కొన్నాళ్లకు మరియొక ప్రయాణములో ఓడతో కూడ సముద్రములో కనబడకుండ పోయెను. అయితే దండులు మన యొద్దకు వచ్చుట మానలేదు. 1768లో కర్నల్ పీచు వేరొక సేనతో వచ్చి, కంపెనీకి లొంగనన్న పర్లాకిమిడి నారాయణదేవుని జలుమూరు యొద్ద ఓడించెను. జలుమూరు కోటబొమ్మాళికి పొరుగే. ఆ సంవత్సరము డోలు మ్రోతతో తెల్లవారుజామున లేచినది మన ఊళ్లే. ఎద్దులును బండ్లును ధాన్యమును అడుగబడినది మన కల్లములలోనే.