ఆనకట్టల పక్కన శిబిరాలు: ధర్మపురి జిల్లాలో లంక పిల్లలు

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కొన్ని శ్రీలంక తమిళుల శిబిరాలకు ఆనకట్టల పేర్లే చిరునామాలు: నాగావతి డ్యామ్, తుంబలహళ్లి డ్యామ్, వాణియార్ డ్యామ్. ధర్మపురి అనగానే తెలుగువారికి గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం గుర్తుకొస్తుంది. ఇది ఆ ఊరు కాదు. సంగం కాలంలో తగడూరు అనిపించుకుని, అదియమాన్ అంజి ఏలుబడిలో ఉండి, బ్రిటిష్ హయాంలో సేలం జిల్లాలో భాగమై, 1965 అక్టోబరు 2న విడి జిల్లా అయిన మెట్ట ప్రాంతం. 2004లో దీన్నుంచి కృష్ణగిరి వేరుపడింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ జిల్లాకు పడవలెక్కి వచ్చిన పిల్లలు చేరడం వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

1983 జులై చివరి వారంలో కొలంబోలో మొదలై లంక అంతటా పాకిన తమిళ వ్యతిరేక హింస తర్వాత తొలి వలస మొదలైంది. 1987 నాటికి సుమారు 1,34,000 మంది తమిళనాడు తీరానికి చేరారు. ఆ ఏడాది జులై 29న కుదిరిన భారత-లంక ఒప్పందంతో కొందరు వెనక్కి వెళ్లారు. 1990లో లంక అంతర్యుద్ధం మళ్లీ రాజుకున్నాక ఏడాది తిరక్కుండానే మరో 1,22,000 మంది వచ్చారు. 1996 తర్వాత ఒక దఫా, 2006 తర్వాత ఇంకో దఫా వలసలు సాగాయి. కేంద్ర హోం శాఖ లెక్క ప్రకారం 1983 జులై నుంచి 2012 ఆగస్టు వరకు వచ్చినవారు 3,04,269 మంది. 1995 మార్చి నాటికి తిరిగి పంపినవారు 99,469 మంది. ఒకసారి వచ్చి, వెనక్కి వెళ్లి, యుద్ధం తరిమితే మళ్లీ పడవెక్కిన కుటుంబాలూ వీరిలో ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్ల ఒకే దేశానికి రెండుసార్లు కొత్తగా అలవాటుపడాల్సి వచ్చింది.

తలైమన్నార్ నుంచి ధనుష్కోటికి సముద్రం మీద దూరం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ. మామూలు చేపల పడవలో, రాత్రిపూట, తీర గస్తీ కంట పడకుండా దాటేవారు. దిగిన వెంటనే పోలీసు విచారణ, ఆపైన మండపం శిబిరం. ఆ మండపానికి అంతకు ముందే ఒక చరిత్ర ఉంది. 20వ శతాబ్దం తొలి దశకాల నుంచి సిలోన్ తోటలకు వెళ్లే కూలీలను వైద్య పరీక్షల కోసం ఆపి ఉంచిన చోటు అదే. తాతలు అటు పోయిన ద్వారం గుండానే మనుమలు ఇటు వచ్చారు. మండపంలో పేర్లు నమోదయ్యాక కుటుంబాలను రాష్ట్రం నలుమూలలా ఉన్న వందకు పైగా శిబిరాలకు పంపేవారు. ఏ జిల్లా కావాలో ఎంచుకునే వీలు అంతగా ఉండేది కాదు. మన్నార్ తీరంలో పుట్టిన పిల్లకు నాగావతి డ్యామ్ దక్కడం అలా జరిగింది.

భాష ఒకటే కాబట్టి సర్దుబాటు తేలికేనని బయటివారు అనుకున్నారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. భాష రాని పిల్లవాడికి బడి కొంత వెసులుబాటు ఇస్తుంది, తమిళం వచ్చిన పిల్లవాడికి అదీ దొరకదు. లంకలో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది, తమిళనాడులో జూన్‌లో. అక్కడ పదకొండో తరగతి చివర సాధారణ స్థాయి పరీక్ష, పదమూడో తరగతి చివర ఉన్నత స్థాయి పరీక్ష. ఇక్కడ పదో తరగతి పబ్లిక్ పరీక్ష, ఆపైన 1978లో వచ్చిన ప్లస్ టూ. ఏ తరగతి దేనికి సమానమో ప్రధానోపాధ్యాయుడే తేల్చాలి. చేతిలో టీసీ, మార్కుల పత్రం ఉంటే ఆ పని సులువు. ఇల్లు తగలబడి, కట్టుబట్టలతో పడవెక్కిన కుటుంబం దగ్గర అవి ఉండే అవకాశం తక్కువ. అందుకే చాలామంది ఒకటి రెండు తరగతులు కిందికి దిగి చేరారు.

చిన్న తేడాలే పిల్లలను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. తమిళనాడు ప్రభుత్వం 1978లో కొన్ని అక్షరాల రూపాన్ని సంస్కరించి పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చింది. పాత రూపాలకు అలవాటుపడిన పిల్లలు సొంత భాషలోనే తడుముకున్నారు. చరిత్ర పాఠంలో అనురాధపురం, కాండీ పోయి చోళులు, విజయనగరం, స్వాతంత్ర్యోద్యమం వచ్చాయి. ఇక యాస. నోరు విప్పగానే లంకవాడని తెలిసిపోతుంది. పైగా ధర్మపురి పల్లెల్లో వినిపించేది తమిళం ఒక్కటే కాదు. తుంబలహళ్లి వంటి ఊరి పేర్లు కన్నడానివి, చుట్టుపక్కల తెలుగు, కన్నడం ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బడిలో పాఠం తమిళంలో సాగినా, ఆటస్థలంలో మూడు భాషల మాటలు చెవిన పడతాయి. యాసను కప్పిపుచ్చుకోవడం శిబిరం పిల్లలు తొందరగా నేర్చిన విద్యల్లో ఒకటి. ఇంట్లో అమ్మమ్మతో ఒక తీరు, బడిలో ఇంకో తీరు.

వెనక వదిలివచ్చిన చదువు సంప్రదాయాన్ని గుర్తుంచుకుంటేనే ఈ మార్పు బరువు తెలుస్తుంది. ఉత్తర లంకలో అమెరికన్ మిషనరీలు 1816లోనే బడులు తెరిచారు. వారికి పోటీగా ఆరుముగ నావలర్ 1848లో శైవ పాఠశాల పెట్టారు, తర్వాత ఇటు చిదంబరంలోనూ 1864లో ఒకటి నెలకొల్పారు. 1945 నుంచి లంక అంతటా ఉచిత విద్య అమలైంది. యాళ్‌పాణం, అంటే జాఫ్నా, పబ్లిక్ లైబ్రరీలో 1981లో కాలిపోయిన పుస్తకాలు దాదాపు 97,000. ధర్మపురి సంగతి వేరు. 2011 జనగణనలో తమిళనాడు మొత్తం అక్షరాస్యత 80 శాతం ఉండగా, ఈ జిల్లాలో 68.5 శాతమే. రాష్ట్రంలో అట్టడుగు స్థానం ఇదే. అయితే శిబిరాల్లోని వారంతా యాళ్‌పాణం బడుల నుంచి వచ్చారనుకోవడం పొరపాటు. మన్నార్, వవునియా, తిరుకోణమలై ప్రాంతాల జాలరులు, రైతు కూలీలు వారిలో చాలామంది. యుద్ధం వల్ల చదువు ఏళ్ల తరబడి తెగిపోయిన పిల్లలూ ఉన్నారు.

శిబిరంలో ఇల్లంటే పది అడుగులకు పది అడుగుల గది, తారు పూసిన అట్ట లేదా రేకు కప్పు, పక్కగదికి మధ్య సన్నటి అడ్డు. దీపం కింద చదువుకోవడానికి మూల దొరకడం కష్టం. నిర్ణీత రోజుల్లో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి తలలు లెక్కపెట్టి నగదు సాయం ఇచ్చేవారు. ఆ వేళకు లేనివారి పేరు పట్టిక నుంచి పోయే ప్రమాదం ఉండటంతో, పరీక్ష అయినా పండగైనా లెక్క రోజుకు ఇంట్లో ఉండటం అలవాటైంది. సాయం పట్టికలో బాల్యానికి హద్దు పన్నెండేళ్లు. 2011లో పెంచిన రేట్ల ప్రకారం కుటుంబ పెద్దకు నెలకు 1000 రూపాయలు, పన్నెండేళ్లు దాటినవారికి 750, లోపు వారికి 400. ప్రభుత్వ బడిలో చేరిన పిల్లలకు 1982లో ఎంజీఆర్ విస్తరించిన మధ్యాహ్న భోజన పథకం వర్తించింది. చాలా ఇళ్లలో బడి మీద నమ్మకం పెంచిన మొదటి విషయం ఆ భోజనమే అయి ఉండాలి.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. నల్లగొండ గురించి తెలిసిన తెలుగు పాఠకుడికి ధర్మపురి ఫ్లోరోసిస్ గురించి వివరంగా చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఈ జిల్లాకు, కృష్ణగిరికి కావేరి నీటిని అందించే హొగెనకల్ పథకం జపాన్ ఆర్థిక సాయంతో 2013లో గానీ మొదలుకాలేదు. అప్పటివరకు స్థానిక పిల్లలు ఏ నీళ్లు తాగారో శిబిరం పిల్లలకూ అవే దక్కాయి.

1991 మే 21న శ్రీపెరుంబుదూరులో లంక తమిళ మిలిటెంట్ల చేతిలో రాజీవ్ గాంధీ హత్య జరిగాక వాతావరణం మారిపోయింది. 1980ల్లో వృత్తి విద్యా కళాశాలల్లో లంక విద్యార్థులకు కొన్ని సీట్లు కేటాయించిన ప్రభుత్వమే ఇప్పుడు పై చదువుల తలుపులు మూసింది. శిబిరాల్లోకి స్వచ్ఛంద సంస్థలను రానివ్వలేదు. పట్టణంలో అద్దె ఇల్లు దొరకడం కూడా కష్టమైంది. హత్యతో ఏ సంబంధమూ లేని పదేళ్ల పిల్లవాడు బడిలో తన ఊరి పేరు చెప్పడానికి జంకిన కాలం అది. ఆంక్షలు తర్వాతి ఏళ్లలో దశలవారీగా సడలాయి. చదువు నిలబడటంలో శరణార్థులే నడిపిన ప్రయత్నాల పాత్ర పెద్దది. ఎస్.సి. చంద్రహాసన్ 1984లో ప్రారంభించిన ఈళం శరణార్థుల పునరావాస సంస్థ శిబిరాల్లో సాయంత్రం ట్యూషన్లు నడిపింది. చదువుకున్న శరణార్థులే వాటిలో పాఠాలు చెప్పారు. అయినా పది లేక ప్లస్ టూ దాటాక చాలామంది అబ్బాయిలు భవనాలకు రంగులు వేసే పనికి మళ్లారు. తమిళనాడు శిబిరాలన్నిటిలోనూ మగవారి ప్రధాన జీవనాధారం అదే. డిగ్రీ చదివినా సర్కారు కొలువు రాదని కళ్లముందు కనబడుతుంటే ఆ ఎంపికను తప్పుపట్టలేం.

శిబిరాల జనంలో గణనీయమైన భాగం మలయగ తమిళులది, అంటే కాండీ, నువరేలియా కొండల మీద కాఫీ, తేయాకు తోటలకు 19వ శతాబ్దంలో వెళ్లిన కూలీల సంతతి. ఆ కూలీలను పోగుచేసిన జిల్లాల్లో తిరుచ్చి, మదురై, తంజావూరులతో పాటు సేలం కూడా ఉంది, అప్పటి సేలంలో ధర్మపురి భాగం. 1948లో సిలోన్ పౌరసత్వ చట్టం వీరిని ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. 1964 అక్టోబరు 30న ఇరు దేశాల ప్రధానులు శాస్త్రి, సిరిమావో బండారనాయకే కుదుర్చుకున్న ఒప్పందంలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని లంక తీసుకోవాలని రాసుకున్నారు. ఒప్పందం మధ్యలో ఆగింది, 1984లో ఓడ రాకపోకలూ ఆగిపోయాయి. అల్లర్లకు తోటలు వదిలి వవునియా వైపు చేరిన కుటుంబాలు అక్కడి యుద్ధంతో పడవలెక్కాయి. ఆ పిల్లలు వచ్చిచేరిన కొత్త దేశం ముత్తాత పుట్టిన దేశమే. నమోదు పుస్తకం మాత్రం వారిని విదేశీయులనే రాసుకుంది.

1964 ఒప్పందం కాలంలోనే బర్మా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలతో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. 1962లో నె విన్ సైనిక పాలన మొదలై, దుకాణాలు జాతీయమై, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాక విశాఖపట్నం చేరిన బర్మా కాందిశీకులను ప్రభుత్వం తిరిగివచ్చిన భారతీయులుగా చూసింది. వారి పిల్లలకు బడి కష్టమైంది కానీ పౌరసత్వం ప్రశ్న కాలేదు. ధర్మపురి శిబిరంలో ఆ ప్రశ్న తరాలు దాటింది. 1987 జులై 1కి ముందు భారత గడ్డ మీద పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి. 2004 డిసెంబరు 3 తర్వాత పుడితే, ఒకరు భారతీయులైనా రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. పత్రాలు లేకుండా పడవలో వచ్చినవారిని చట్టం చూసేది ఆ దృష్టితోనే. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక లేదు. మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని మద్రాసు హైకోర్టు 2022లో ఆదేశించింది, ఆమె 2024లో తొలిసారి ఓటు వేశారు. 1987 గీతకు ఇవతల పుట్టినవారికి ఆ దారి లేదు. నేటి శిబిరం పిల్లల్లో అత్యధికులు ఈ వరుసలోనివారే. వారు ఎన్నడూ లంకను చూడలేదు, మాట్లాడేది కూడా చాలావరకు ధర్మపురి యాసే.

2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం శరణార్థి శిబిరాల పేరును శ్రీలంక తమిళుల పునరావాస శిబిరాలుగా మార్చింది. 317.40 కోట్ల రూపాయల పథకం ప్రకటించి, అందులో 7,469 కొత్త ఇళ్లకు, విద్యార్థుల చదువుకు నిధులు పెట్టింది. నగదు సాయం కుటుంబ పెద్దకు 1500, ఇతర పెద్దలకు 1000, పిల్లలకు 500 అయింది. అప్పటి లెక్క ప్రకారం రాష్ట్రంలోని శిబిరాల్లో ఉన్నవారు 58,822 మంది. 2025 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులను పాస్‌పోర్టు, వీసా లేవన్న నేరం కింద శిక్ష నుంచి తప్పించింది. పౌరసత్వం గురించి ఆ ఉత్తర్వులో ఏమీ లేదు. శిబిరం విద్యార్థి ప్లస్ టూ పాసై కాలేజీలో చేరవచ్చు. ఓటరు జాబితాలో పేరు, భారత పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం మాత్రం ఇప్పటికీ ఆ విద్యార్థి అర్హతకు బయటే ఉన్నాయి.