విందు మిగులు, విస్తరి ఎంగిలి

విందు ముగిసిన మరునాడు ఇంట్లో తినే తిండికి ఒక ప్రత్యేకమైన రుచి ఉంది. చుట్టాలు వెళ్ళిపోయారు, గాడిపొయ్యి చల్లారింది. రాత్రంతా పులుపు పట్టిన పులిహోర, కాస్త గట్టిపడ్డ గారెలు, గంగాళం అడుగున మిగిలిన పులుసు ఇంటివాళ్ళు నింపాదిగా కూర్చుని తింటారు. ఈ ఆనందాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రతి రుచి వెనుకా ఒక సాంఘిక చరిత్ర ఉంటుంది. దీని వెనుక ఉన్నదేమిటో పరిశీలించడం అవసరం.

తెలుగులో గిన్నెలో మిగిలినది మిగులు, రాత్రి దాటినది చద్ది, విస్తట్లో వదిలినది ఎంగిలి. భూస్వామ్య సమాజంలో ఈ మాటలు తిండిని మాత్రమే కాక మనుషులను కూడా విభజించాయి. మిగులు యజమాని కుటుంబానిది, చద్ది పాలేరుది, ఎంగిలి ఊరి చివరవారిది. ఒకే పొయ్యి మీద ఉడికిన అన్నానికి తినేవారి అంతస్తును బట్టి మూడు పేర్లు!

దీనికి శాస్త్రం ఆమోదం కూడా దొరికింది. సేవచేసే శూద్రుడికి ఎంగిలి అన్నం, పాతబట్టలు, తాలుగింజలు ఇవ్వాలని మనుస్మృతి పదవ అధ్యాయం విధించింది. అతని జీవనోపాధిని నిర్ణయించే సందర్భంలోనే ఈ మాట వస్తుంది. అంటే ఎంగిలిని దానంగా గాక జీతంగా లెక్కగట్టారన్నమాట. ఇంటి లోపలి కథా ఇంతే. అందరికీ వడ్డించిన ఇల్లాలు చివరికి మిగిలినది తినాలి. భర్త తిన్న విస్తట్లోనే తినడం పాతివ్రత్యమనిపించుకుంది.

అలాగని అవమానం ఎంగిలిలోనే ఉన్నదా? పోతన భాగవతంలోని చల్దుల ఘట్టం గుర్తుచేసుకోండి. అక్కడ ఒక గోపబాలుడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగి, ఏమీ లేదంటూ నోరు తెరిచి చూపిస్తాడు. అందరూ నవ్వుతారు, ఎవరికీ చిన్నతనం లేదు. సమానుల మధ్య ఎంగిలి చనువు. అసమానుల మధ్య అదే ఎంగిలి బానిసత్వపు గుర్తు.

ఓంప్రకాశ్ వాల్మీకి హిందీ ఆత్మకథ ‘జూఠన్’ 1997లో వెలువడింది. జూఠన్ అంటే ఎంగిలి. ఆయన బాల్యంలో, ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలోని పల్లెలో, పెళ్ళివారి విస్తళ్ళలోని పూరీముక్కలను ఏరి ఎండబెట్టి వానాకాలానికి దాచుకునేవారు. వాటిని లొట్టలు వేస్తూ తినేవారమని ఆయన దాచకుండా రాశారు. ఇదీ విందు మరునాటి ఆనందమే! నాలుకకు తేడా తెలియలేదు. తేడా తెలిసింది ఆయన తల్లికి. పిల్లలకు పెట్టమని అడిగితే ఎంగిలి బుట్ట చూపించిన యజమాని ఎదుటే ఆ బుట్టను కుమ్మరించి ఆమె వచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ తిరస్కారం ఆకస్మికమైనది కాదు. 1927లో మహాడ్ సభలో అంబేద్కర్ ఎంగిలి తిండి మానుకోవలసిందని తన ప్రజలను కోరారు. మానుకుంటే సరిపోతుందా? జయపూర్ సంస్థానంలోని చక్వారాలో తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అస్పృశ్యుడు తనవారికి విందు చేసి నేయి వడ్డించాడు. సవర్ణులు కర్రలతో పడి విందును పాడుచేసి, అతిథులను కొట్టారు. 1936లో ‘కులనిర్మూలన’లో అంబేద్కర్ ఈ ఉదంతాన్ని ప్రస్తావించారు. ఎంగిలి తింటే అభ్యంతరం లేదు. సొంత నేయి తింటేనే నేరం. విందు చేసుకునే హక్కే లేనివాడికి మిగులు ఎక్కడిది?

ఈనాడు రిఫ్రిజిరేటర్ వచ్చింది, మిగులు మరో రెండు రోజులు నిలుస్తుంది. కల్యాణమండపాలలో మిగిలిన తిండిని బీదలకు పంచేవారూ ఉన్నారు. పారబోయడం కంటే అది నిస్సందేహంగా మేలు. కాని పంచేవాడి దయ తినేవాడి హక్కు కాజాలదు. 2013లో చేసిన ఆహారభద్రతా చట్టం తిండిగింజలను హక్కుగా గుర్తించింది. ఆ చట్టం దయనుంచి హక్కువైపు వేసిన ఒక అడుగు. కడుపు నిండడం మొదటి మెట్టే. పదిమందిని పిలిచి పెట్టగలగడం దాని పైమెట్టు.

మరునాటి పులిహోర రుచిని ఎవరూ వదులుకోనక్కరలేదు. అది ప్రతి ఇంటికీ అందాలి: ఎవరి విస్తట్లోనిదో కాదు, తమ పొయ్యి మీద తాము వండుకున్నది, తమ అతిథులు తినగా గిన్నెలో మిగిలినది. దానిని ఇల్లాలు కూడా అందరితోపాటు కూర్చుని తినాలి. అప్పుడే ఆ రుచి నిజంగా అందరిదీ అవుతుంది.