పాతగుడ్డల అంగడికి శాలువా ఎందుకు

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. ఓపికగా చదవండి.

వార్షికోత్సవానికి ఎవరెవరికి సన్మానం చేయాలనే మాట మళ్ళీ వచ్చింది. జాబితాలో దాతలున్నారు, మాజీ అధ్యక్షులున్నారు, బెంగళూరులో పెద్ద ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళున్నారు. సంతోషమే. అయితే ఆదివారం ఆదివారం మన పాతగుడ్డల, పాతపుస్తకాల అంగడి నడిపేవాళ్ళ పేరు ఒక్కటీ అందులో లేదు. మూటలు విప్పి, చిరిగినవి వేరుచేసి, గుండీలు కుట్టి, పది రూపాయలకూ ఇరవై రూపాయలకూ అమ్మి, ఆ డబ్బుతో పిల్లల ఫీజు కట్టిస్తున్నవాళ్ళు వాళ్ళే. అడిగితే ఒకాయన, "గుడ్డలు మడతపెట్టేదానికి కూడా శాలువానా?" అన్నారు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆ ప్రశ్నకు చరిత్రలో జవాబుంది. దాన్నే ఇక్కడ చెప్పాలనుకున్నాము.

ముందు సీమదేశం సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనులు తవ్వించినప్పటినుంచీ మన ఊరికి ఇంగ్లండు కొత్త కాదు. ఆ ఇంగ్లండులో 'ఛారిటీ షాపు' అని ఒక రకం అంగడి ఉంది. జనం తమకు అక్కరలేని గుడ్డలు, పుస్తకాలు, పింగాణీ సామాను తెచ్చి ఊరికే ఇస్తారు. అంగడివాళ్ళు వాటిని శుభ్రంచేసి తక్కువ ధరకు అమ్ముతారు. లాభం ఆసుపత్రికో, అనాథలకో, కరువు సహాయానికో పోతుంది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1941లో లండన్ ఓల్డ్ బాండ్ స్ట్రీట్‌లో రెడ్‌క్రాస్ ఇలాంటి అంగడి పెట్టింది. 1942లో గ్రీసు దేశపు ఆకలిబాధితుల కోసం ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో పుట్టిన ఆక్స్‌ఫామ్ సంస్థ, యుద్ధం అయిపోయాక అదే ఊళ్ళో బ్రాడ్ స్ట్రీట్‌లో శాశ్వతమైన అంగడి తెరిచింది.

1949లో ఆ సంస్థ మొట్టమొదటిసారి జీతమిచ్చి ఒక ఉద్యోగిని పెట్టుకుంది. ఆయన పేరు జో మిట్టీ. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. గుమ్మంలోకి ఏ వస్తువు వచ్చినా దానికి కొనేవాణ్ణి వెతికేవాడని, ప్రాణమున్న గాడిదను కూడా అమ్మిపెట్టాడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఇలాంటి అంగళ్ళు పదివేలకు పైగా ఉన్నాయి. వాటిలో జీతగాళ్ళు తక్కువ, ఊరికే వచ్చి పనిచేసేవాళ్ళు లక్షకు పైగా. ఆ అంగళ్ళన్నిటికీ ఒక సంఘం ఉంది. అది బహుమతులు ఇస్తుంది. అంగడి నడిపేవాళ్ళకు, జీతం లేకుండా పనిచేసేవాళ్ళకు, అమ్మకంలో కొత్త దారి చూపినవాళ్ళకు వేరువేరుగా ఇస్తుంది. దానమిచ్చినవాళ్ళను ఒకవైపు తలుచుకుంటూనే, ఆ దానాన్ని డబ్బుగా మార్చిన చేతులను ఇంకోవైపు పేరుపెట్టి పిలుస్తారు.

ఇది తెల్లవాళ్ళ పద్ధతి, మనకెందుకు అంటారేమో. మన తెలుగువాళ్ళ దగ్గర అంతకంటే పాత కథ ఉంది.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షులు. సభ పక్కనే ఖాదీ ప్రదర్శన పెట్టారు. ఖాదీ అమ్మకమంటే అప్పట్లో ఉత్త బట్టల వ్యాపారం కాదు. వడికినవాళ్ళకూ నేసినవాళ్ళకూ కూలి దొరకాలి, దేశం పని సాగాలి, అందుకే ఆ అమ్మకం. ఆ ప్రదర్శన వాకిట్లో టికెట్లు చూసి లోపలికి పంపే పని ఒక పద్నాలుగేళ్ళ పిల్లకు అప్పగించారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ పిల్ల. టికెట్ లేనివాళ్ళను లోపలికి వదలొద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. ఆయన ఎవరో తెలిసీ ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను గదమాయించారు. మీరు చెప్పిందే చేశాను అంది. వాళ్ళు టికెట్ కొని ఇచ్చాకనే నెహ్రూ లోపలికి పోయారు. చెప్పిన పనిని అంత ధైర్యంగా చేసిందని ఆయన ఆమెను మెచ్చుకున్నారు.

ఆ మెప్పు ఎందుకొచ్చిందో చూడండి. ఆ పిల్ల విరాళం ఇవ్వలేదు, ఉపన్యాసం చెప్పలేదు. వాకిట్లో నిలబడి, వచ్చిన ప్రతి మనిషినీ ఒకే లెక్కన చూసింది. ధర్మం కోసం నడిచే అంగడికి ప్రాణమే అది. ఒక పెద్దమనిషిని ఊరికే వదిలితే రేపు పదిమందిని వదలాలి. అప్పుడు లెక్క పోతుంది, లెక్క వెనకే నమ్మకం పోతుంది. ఆ దుర్గాబాయే తర్వాత ఆంధ్ర మహిళా సభను పెంచింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది. ఊరూరా ఉన్న చిన్నచిన్న సేవాసంఘాలకు ఆ బోర్డు సహాయం చేసింది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. మొదటి మెప్పు మాత్రం రెండణాల టికెట్ దగ్గరే వచ్చింది.

సన్మానాన్ని ఎలా చూడాలో గాంధీజీ దగ్గర ఇంకో పాఠముంది. దక్షిణాఫ్రికాలో చేసిన సేవకు 1915లో ఇంగ్లీషు ప్రభుత్వం ఆయనకు కైజర్-ఎ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. 1920లో ఆయన దాన్ని తిరిగి పంపించేశారు. ఇచ్చినవాళ్ళ మీద గౌరవం పోయినాక పతకం బరువే తప్ప విలువ కాదు. 1933-34లో హరిజన యాత్ర చేసినప్పుడు ఊరూరా సన్మానపత్రాలు, వెండిపెట్టెలు, కానుకలు ఇచ్చేవాళ్ళు. వాటిని అక్కడికక్కడే సభలోనే వేలం వేసి, వచ్చిన డబ్బు హరిజన నిధికి జమచేసేవారు. సంతకం కావాలంటే ఐదు రూపాయలు. ఒక రకంగా ఆయనే నడిచే ఛారిటీ షాపు! ఈ గాంధీజీ మనకు దూరపు మనిషి కాదు. 1927లోనూ 1936లోనూ ఒంట్లో బాగాలేక విశ్రాంతికి వచ్చి నంది కొండ మీద ఉన్నారు. అప్పుడు నంది మన కోలారు జిల్లాలోనే ఉండేది.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ పేర్లు ఎవరికి దక్కాయి? పేటలకు రాబర్ట్‌సన్, ఆండర్సన్. షాఫ్టులకు గిఫోర్డ్, హెన్రీ. ఆ షాఫ్టుల్లోకి దిగి మూడు వేల మీటర్ల లోతువరకూ రాయి పగలగొట్టిన తమిళవాళ్ళ, తెలుగువాళ్ళ పేర్లు ఏ పేటకు పెట్టారు? మా తరం తమిళ మీడియంలో చదువుకుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో తమిళం రాసి, పెద్దయ్యాక తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాళ్ళం. రెండు భాషల్లోనూ ఈ ఊరి చరిత్ర చదవచ్చు. రెండింట్లోనూ కూలివాళ్ళు అంకెల్లో ఉంటారు, దొరలు పేర్లతో ఉంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినాక ఆ అంకెలు కూడా చెదిరిపోయాయి. అందుకే పేరు పెట్టి పిలవడమనేది ఈ ఊరివాళ్ళకు చిన్న విషయం కాదు.

పేరు లేని పనికి పేరు తెచ్చినవాడు మన ఊళ్ళోనే పుట్టాడు. బెజవాడ విల్సన్ కేజీఎఫ్‌లో పారిశుధ్య పనిచేసే తెలుగు కుటుంబం బిడ్డ. మన ఊళ్ళో పాయఖానాలు చేతులతో ఎత్తే పని పోవాలని ఉత్తరాలు రాశాడు, ఫోటోలు తీయించాడు, 1994లో సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. దానికి ముందటేడు, 2015లో, అదే పురస్కారం పాతగుడ్డల పనికి వచ్చింది. మనకు కావలసిన కథ అదే.

ఢిల్లీలో అంశు గుప్తా ఉద్యోగం మానేసి, 1999లో తన ఇంట్లోని 67 గుడ్డలతో 'గూంజ్' అనే సంస్థ మొదలుపెట్టాడు. గూంజ్ పాతగుడ్డలను భిక్షంగా పంచదు. పల్లెవాళ్ళు తమకు కావలసిన బావో, బాటో, కట్టో తామే తవ్వుకుంటారు, కట్టుకుంటారు. ఆ పనికి బదులుగా గుడ్డల మూట తీసుకుంటారు. అది దానం కాదు, కష్టార్జితం. ఈ పని ఎంత కష్టమో 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో తేలిపోయింది. దేశమంతా లారీల్లో గుడ్డలు పంపింది. చినిగినవి, మురికివి, అక్కడివాళ్ళు కట్టుకోనివి కుప్పలుగా రోడ్ల పక్కన పడ్డాయి. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే. ఏరి, సరిచూసి, ఎవరికేది పనికొస్తుందో తేల్చే చేతులు మధ్యలో లేవు. తర్వాత ఆ కుప్పలను ఏరి పనికి తెచ్చినవాళ్ళలో గూంజ్ వాళ్ళున్నారు.

రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మూట ఎంత పెద్దదైనా లేబుల్ లేకుంటే చేరదు. 2018లో కేరళ వరదలప్పుడు రైల్వే సహాయ సామగ్రిని బాడుగ లేకుండా మోసింది. బాడుగ లేదని లేబుల్ అక్కరలేకుండా పోదు కదా. లోపల ఏముంది, ఎవరికి, ఎన్ని అని రాసే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ ఫోటోలో ఉండడు.

రైల్వేలో ఒక మంచి పద్ధతుంది. 1853 ఏప్రిల్ 16న మనదేశంలో మొదటి ప్రయాణీకుల బండి నడిచింది. దాని గుర్తుగా రైల్వే వారోత్సవం చేసి బహుమతులు ఇస్తారు. అధికారులతో పాటు ట్రాక్‌మ్యాన్, గేట్‌మ్యాన్ కూడా వేదిక ఎక్కుతారు. పట్టా విరిగింది చూసి బండి ఆపినవాడికి ఇచ్చే కాగితంలో 'విశేష సేవ' అని ఊరికే రాసి వదలరు. ఏ రోజు, ఏ చోట, ఏం చూశాడు, ఏం చేశాడు అని రాస్తారు. ఆ నాలుగు ముక్కలు చదివితే ఇంకో ట్రాక్‌మ్యాన్‌కు రేపు తను ఏం చూడాలో తెలుస్తుంది. శాలువా పెట్టెలోకి పోతుంది, జ్ఞాపిక అటక ఎక్కుతుంది. చేసిన పని రాసిన కాగితం మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన అంగడి సంగతికి వస్తాము. అక్కడ పనిచేసేవాళ్ళలో చానామంది సోమవారం నుంచి శనివారం వరకూ తెల్లారకముందే మారికుప్పం బండి ఎక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళకు వారానికి దొరికేది ఒక్క ఆదివారం. దాన్ని మన మూటల మధ్య గడుపుతున్నారు. పోయినేడు ఉన్నంతమంది ఈయేడు లేరు. అడిగితే ఎవరూ ఫిర్యాదు చేయరు, "టైము లేదు" అంటారు. అంగడి మూతపడితే దాతల మూటలు గోదాములో పురుగులు పట్టిపోతాయి, పిల్లల ఫీజూ ఆగిపోతుంది. దాత ఇంకో సంఘానికి ఇవ్వచ్చు. ఏరి కుట్టే చెయ్యి ఒకసారి పోతే మళ్ళీ దొరకదు.

అందుకని కమిటీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాము.

ఒకటి, ఈ వార్షికోత్సవంలో మొదటి సన్మానం అంగడివాళ్ళకు జరగాలి. దాతల సన్మానం తర్వాత. దాతలు పెద్దమనసున్నవాళ్ళు, ఏమీ అనుకోరు.

రెండు, ఒక్కరిని ఎంచి మిగిలినవాళ్ళను చిన్నబుచ్చొద్దు. గుడ్డలు ఏరేవాళ్ళు, కుట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు, లెక్క రాసేవాళ్ళు, ప్రతి పనికీ ఒక గౌరవం ఉండాలి. ఎవరికివ్వాలో అక్కడ పనిచేసేవాళ్ళే తేల్చుకోనీ. కొనుక్కోవడానికి వచ్చే ఆడవాళ్ళను కూడా అడగండి. ఎవరు మర్యాదగా మాట్లాడతారో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

మూడు, శాలువా ఖర్చు తగ్గించినా ఫర్వాలేదు. ప్రతివాళ్ళకూ ఒక కాగితం రాయండి. 'నిస్వార్థ సేవ' లాంటి పెద్దమాటలు వద్దు. ఎన్ని ఆదివారాలు వచ్చారు, ఏం చేశారు, ఆ డబ్బుతో ఏ పని జరిగింది అని రాసి, వేదిక మీద బిగ్గరగా చదవండి. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి. వాళ్ళ పిల్లలు వినాలి.

నాలుగు, సంఘం రిజిస్టరులో ఆ పేర్లు ఎక్కించండి. దాతల పేర్లు గోడమీద రాతిపలకలో ఉన్నాయి. ఉండాలి. వీళ్ళ పేర్లు కనీసం కాగితం మీదైనా ఉండనీయండి.

"గుడ్డలు మడతపెట్టేదానికి కూడా శాలువానా?" అన్న పెద్దాయనకు మా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఒకసారి అంగడికి దయచేయండి. మూటలు చానా వచ్చి ఉన్నాయి, మనుషులు తక్కువగా ఉన్నారు. మేమూ వస్తాము.